ఫార్మాట్ కొట్టని డిస్కు

“ఫైలు పట్టలేదంటే డిస్కును ఫార్మాట్ కొట్టెయ్, అంతా చెరిగిపోతే పోనీ. దాంట్లో ఏముందని?” టిఫిను ప్లేటులోనే చెయ్యి కడుక్కుంటూ అన్నాడు మా ఆయన రాజీవ్.

దాంట్లో మా అమ్మ ఉంది.

రాజీవ్ పెళ్ళి వీడియోలు తీస్తాడు. చెన్నై వాషర్‌మెన్‌పేట్‌లో మా ఇంటి హాల్లో కూర్చుని, పొయ్యి మీద పప్పు ఉడికేలోగా వాటిని కత్తిరించి, అతికించి సినిమాగా చేసేది నేను. ఎవరైనా అడిగితే మాత్రం “ఆమె ఇంట్లోనే ఉంటుందండీ” అంటాడు. ఆ సాయంత్రం అంబత్తూరులో ధర్మలింగం గారి కూతురి రిసెప్షన్. పెళ్ళంతా ఒకే ఫైలుగా, మధ్యలో ఆగకుండా తెర మీద వెయ్యాలన్నారు. మా పాత డిస్కు నాలుగు జీబీలు దాటిన ఫైలును తీసుకోదు. ఇన్నాళ్ళూ పెళ్ళిళ్ళను ముక్కలు చేసి ఎక్కిస్తూ వచ్చాను.

అమ్మ ఆసుపత్రిలో మాట్లాడిన మాటలన్నీ కెమెరాలో పట్టి ఆ డిస్కులోనే దాచుకున్నాను. కంప్యూటరు నిండా ఊరివాళ్ళ పెళ్ళిళ్ళే, అమ్మకు చోటు లేదు. ఇంకో డిస్కు అడిగితే “ఆ ఏడుపుకు వేరే డిస్కా” అన్నాడు. అమ్మ పోయిన వారానికే నన్ను ఎవరిదో పెళ్ళి వీడియో ముందు కూర్చోబెట్టాడు. కన్యాదానం దగ్గర కళ్ళు మసకబారి ఒక షాటు తప్పితే, “కండ్లు యాడ పెట్టుకోనుండావు?” అన్నాడు. కళ్ళు తుడుచుకుని షాటు సరిచేశాను. ఆ రోజు నుంచి ఏడవడం కూడా పని అయ్యాకే.

“లోపలివి చెరపకుండానే, పెద్ద ఫైలు పట్టేట్టు డిస్కును మార్చే దారి ఉందంట. చదివినాను,” అన్నాను.

“నువ్వు చదివినావా? సరి సరి. మధ్యాహ్నానికి నాకు డిస్కు రెడీగా ఉండాల,” అని వెళ్ళిపోయాడు.

మధ్యలో కరెంటు పోతే అన్నీ పోవచ్చని కూడా చదివాను. ఆ మాట అతనికి చెప్పలేదు. ఇంకో దారి లేదు. కమాండు టైపు చేసి ఎంటర్ నొక్కేటప్పుడు, అమ్మను ఆపరేషనుకు తీసుకెళ్ళిన రోజు గుర్తొచ్చింది.

అంతలో మా అత్త కమలాంబ నానబెట్టిన బియ్యంతో వచ్చింది. గ్రైండరు ప్లగ్గు పెట్టేదీ కంప్యూటరు ప్లగ్గు ఉన్న స్విచ్‌బోర్డులోనే.

“అమ్మే, ఆ కంప్యూటరు తీసెయ్. పిండి రుబ్బాల.”

“కొంచేపు ఆగండత్తా. ఇప్పుడు తీస్తే అంతా పోతుంది.”

“పోతే మళ్ళా చేసుకో. ఇంట్లో కూర్చోనుండే దానికి ఏం తొందర?” అంటూ చెయ్యి చాపింది.

నేను బోర్డుకు వీపు ఆనించి నిలబడ్డాను. “తియ్యనీను,” అన్నాను. అది నా గొంతులా లేదు. అత్త గిన్నె నేల మీద పెట్టి వెళ్ళిపోయింది. తెర మీద పని పూర్తయిందని వచ్చేదాకా నేను అక్కడినుంచి కదల్లేదు.

అమ్మ ఫైలు తెరిచాను. దిండుకు ఆనుకుని అమ్మ కెమెరా వైపు చూస్తోంది. “కూర్చోమ్మే అక్షయా. వచ్చినప్పటి నుంచీ నిలబడే ఉండావు.”

నేల మీద కూలబడి ఏడ్చాను. ఈసారి పెళ్ళి ఫైలు ఎక్కించే పని అయ్యేదాకా ఆగలేదు.

రాజీవ్ వచ్చేసరికి పెళ్ళి ఫైలు డిస్కులోకి ఎక్కింది.

“చూసినావా? ఫార్మాట్ కొడితే ఎంత సులువో.”

“కొట్టలేదు. అన్నీ అట్లే ఉండాయి.”

“పోనీలే. ఇయ్యి. ఫంక్షన్ అయినాక ఆ ఆసుపత్రివన్నీ నేనే తీసేస్తాలే. వచ్చే నెల బుకింగులకు చోటు కావాల గదా.”

కోపంతో అనలేదు. ఇల్లు ఊడ్చే మనిషిలా మామూలుగా అన్నాడు. అతను చాపిన చేతిని చూస్తూ డిస్కును నా హ్యాండ్‌బ్యాగులో పెట్టుకున్నాను.

“హాలుకు నేనే తెచ్చి వేస్తాను. ఫంక్షన్ అయినాక ఇది నాతోనే వస్తుంది.”

“ఇంటికే గదా?” అన్నాడు నవ్వుతూ.

నేను చెప్పులు వేసుకున్నాను. ఇంటికే అని మాత్రం చెప్పలేదు.