చల్లారని కప్పు

ఇందులో వెంట్రుకవాసి అబద్ధం ఉందని తేల్చినవాళ్ళకు నా మీసం గొరిగి చేతిలో పెడతాను. ఇంతవరకూ ఎంతమంది కత్తెరలు నూరుకుని వచ్చారో లెక్కలేదు. మీసం ఇదిగో, ఎక్కడున్నది అక్కడే ఉంది.

ఆ చర్చివాళ్ళ వృద్ధాశ్రమంలో తెల్లవారితే మామూలు పనులే. ఆయాలు దుప్పట్లు మారుస్తారు, నర్సు బీపీ చూస్తుంది, కట్టుడు పళ్ళు గ్లాసుల్లోంచి నోళ్ళలోకి చేరతాయి, వంటమ్మ టీ బండి తోసుకుంటూ వస్తుంది. "మళ్ళీ వస్తాను" అని వెళ్ళినవాళ్ళకోసం పోసి ఉంచిన టీ మాత్రం, వాళ్ళు వచ్చేదాకా చల్లారదు. కిటికీ గట్ల మీద కొడుకుల కప్పులు, కోడళ్ళ కప్పులు పొగలు కక్కుతూనే ఉంటాయి. ఆయాలు వాటిని తప్పించి దుమ్ము తుడుస్తారు. పోసినవాళ్ళే ముందు కన్నుమూస్తే ఇక ఆ టీ ఎప్పటికీ చల్లారదు, పారబోయడానికి ఎవరికీ చేతులు రావు. వంటింటి అటక మీద అలాంటిది ఒకటుంది. ఎవరికోసం పోశారో అందరూ మరిచిపోయారు. కప్పు మరిచిపోలేదు.

అక్కడి ముసలివాళ్ళకు ప్రార్థన చేసి, మంచీ చెడూ వినడానికి ఒక పాస్టరు ఉండేవాడు. ఏం గొంతండీ అది. ఆయన గుమ్మంలో నిలబడి "ప్రభువా" అంటే వీధి చివర పడుకున్న కుక్క లేచి కూర్చునేది. చెవిటివాళ్ళు చెవి మిషన్లు తీసి దిండు కింద దాచేవాళ్ళు. అంత గొంతున్నవాడికి మంచం దాకా వెళ్ళాల్సిన పనేముంది? ఏ గదిలోనైనా గుమ్మంలోంచే కానిచ్చేవాడు.

ఒక మధ్యాహ్నం నర్సు ఫోను చేసింది. చివరి గదిలో మేస్త్రీ తాతకు ఊపిరి అందడం లేదు, మిమ్మల్నే అడుగుతున్నాడు అని. పాస్టరు కళ్ళజోడు బల్ల మీద మరిచి పరుగెత్తుకొచ్చాడు. చివరి గది అనుకుని దాని ముందు గది దగ్గర ఆగాడు. లోపల గోడవైపు తిరిగి, తలదాకా దుప్పటి కప్పుకున్న మనిషి. "నీ బిడ్డ పని ముగిసింది ప్రభువా, నెమ్మదిగా చేయి పట్టుకుని తీసుకుపో" అంటూ, పోయేవాళ్ళకు చేసే ప్రార్థన మొదట్నుంచి చివరిదాకా చేశాడు.

"ఆమెన్" అంది దుప్పటి. ఆడ గొంతు.

టైలరమ్మ లేచి కూర్చుంది. కుట్టుమిషను మీద ఊరందరికీ బట్టలు కుట్టిన మనిషి. "బాగా చేశారు అయ్యగారూ. కూర్చోండి, టీ పోస్తాను. మీకో మాట చెప్పాలి."

"ఒక్క నిమిషం అమ్మా. పక్క గదికి వెళ్ళి వచ్చేస్తాను."

ఆమె ఫ్లాస్కు వంచి టీ పోసింది. పక్క గదిలో నర్సు అప్పటికే మేస్త్రీ తాత కనురెప్పలు మూస్తోంది. పాస్టరు మళ్ళీ ఆ గదికి రాలేదు.

ఆ రోజు నుంచి ఆయనకు టైలరమ్మ గుమ్మం ముళ్ళకంప అయింది. ఎదురు గోడకు రాసుకుంటూ పోయేవాడు. నడవాలో చక్రాల కుర్చీలో ఒక రిటైరైన స్టేషన్ మాస్టారు కూర్చుని, వచ్చేపోయేవాళ్ళను ప్రకటిస్తూ ఉండేవాడు. "దయచేసి వినండి. పాస్టరు గారి బండి టైలరమ్మ స్టేషనులో ఆగదు." ముసలివాళ్ళు బోసినోళ్ళతో నవ్వేవాళ్ళు. పాస్టరు చెవులు మిరపకాయలయ్యేవి.

కప్పు మాత్రం రోజురోజుకూ మరింత కాగింది. చలికాలమంతా ఆ గదిలో హీటరు వెయ్యలేదు. ఆయాలు దాని మీద మేజోళ్ళు ఆరేసుకున్నారు. ఆ ఆవిరి పైకప్పు కింద మబ్బుకట్టి ఒకసారి జల్లు కూడా కురిసింది. తడిసినవాళ్ళలో నేనూ ఒకణ్ణి.

వానలు మొదలయ్యేసరికి టైలరమ్మ మంచం దిగడం మానేసింది. డాక్టరు పెదవి విరిచాడు. ప్రార్థనకు పిలవనా అని నర్సు అడిగితే తల అడ్డంగా ఊపింది. "నా వంతు అయిపోయింది. ఆయన్ని టీకి రమ్మను."

వంటమ్మ తిన్నగా ప్రార్థన గదికి వెళ్ళింది. పాస్టరు పాటల పుస్తకాలు సర్దుతున్నాడు.

"అటక మీద ఇంకో కప్పుకు చోటు లేదు అయ్యగారూ."

"ఏ మొహం పెట్టుకుని వెళ్ళను వంటమ్మా?"

"ఉన్నదొక్కటే కదా. అదే పెట్టుకుని వెళ్ళండి."

వెళ్ళాడు. ఆయన ఆ గుమ్మం దగ్గర ఆగడం చూసి స్టేషన్ మాస్టారు నోరు తెరిచి, ఏమీ ప్రకటించకుండానే మూసుకున్నాడు. పాస్టరు గుమ్మం దాటి, కుర్చీ మంచం పక్కకు లాక్కున్నాడు.

"అమ్మా, ఆ రోజు..."

"ముందు నన్ను చెప్పనివ్వండి. వినడం మీ పని కదా." ఆమె గోడకేసి చూస్తూ చెప్పింది. "నేను నిద్రపోలేదు. మీరు నోరు తెరవగానే అది మేస్త్రీ కోసమని తెలిసిపోయింది. ఒక్క మాట అంటే మీరు అటు వెళ్ళేవాళ్ళు. అనలేదు. నన్ను బిడ్డ అని ఎవరైనా అని ఎన్నాళ్ళయిందో. అయిపోయేదాకా అలాగే పడుకుని విన్నాను. పక్కవాడి ప్రార్థన కాజేశాను అయ్యగారూ."

పాస్టరుకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. తన సిగ్గును దాచుకోవడానికి ఇన్నాళ్ళూ ఈ ముసలామెను ఆమె సిగ్గుతో ఒంటరిగా వదిలేశాడు.

"మేస్త్రీకి వినపడి ఉంటుందా?" అని అడిగాడు.

"మీ గొంతు వీధి చివర కుక్కకే వినపడుతుంది, గోడ అవతలకు వినపడదా? మీరు ముగించాక గోడ మీద ఒకసారి తట్టాడు."

"ఆమెన్ అనా?"

"ఏమో. ఆమెన్ అనో, నేనిక్కడున్నాను అనో. గోడ చప్పుడుకు అర్థం నాకేం తెలుసు?"

పాస్టరు కూడా ఆ గోడకేసి తిరిగాడు.

"టీ తాగండి" అంది టైలరమ్మ.

మనిషి వచ్చాడు గనుక కాసేపు ఆగితే అదే చల్లారేది. ఆయన ఆగలేదు. కప్పెత్తి, సలసల కాగేదాన్ని ఒక్క గుక్కలో మింగేశాడు. తర్వాత ప్రార్థనకు నోరు తెరిస్తే గాలి తప్ప ఏమీ రాలేదు. వంగి, ఆమె చెవి దగ్గర పెదవులు పెట్టి, ఇద్దరి తప్పూ కలిపి క్షమాపణ అడిగాడు. మేస్త్రీని కూడా అడిగాడట. నాకు వినపడలేదు. నా చెవికే అందలేదంటే ఎంత చిన్న గొంతో మీరే ఊహించుకోండి.

ఆ వాన వెలిసేలోపు టైలరమ్మ వెళ్ళిపోయింది. వంటమ్మ కప్పు కడిగి బండిలో పెట్టుకుంది.

పాస్టరుకు గొంతు మళ్ళీ రాలేదు. ఇప్పుడు ఏ గదికి వెళ్ళినా కుర్చీ లాక్కుని, చెవి దగ్గరికి వంగాల్సిందే. అంత దగ్గరికి వచ్చిన మనిషికి ముసలివాళ్ళు ఏవేవో చెప్పుకుంటున్నారు. తిరిగి వెళ్ళేటప్పుడు ఆయన టైలరమ్మ గదికీ మేస్త్రీ గదికీ మధ్య గోడ దగ్గర ఆగి, వేలి కణుపుతో ఒకసారి తడతాడు.

నమ్మకం లేనివాళ్ళు వెళ్ళి నడవాలో వినండి. "పాస్టరు గారి బండి అన్ని స్టేషన్లలోనూ ఆగును" అని రోజూ ప్రకటించే పెద్దమనిషి ఇంకా అక్కడే ఉన్నాడు. సాక్షి పేరు రాసుకోండి: స్టేషన్ మాస్టారు.