కోటుతో పాటు వెళ్లిన కాగితాలు

కుట్టుపనామె ఆ ఆఫీసు మెట్లెక్కడం అది తొమ్మిదోసారి. దావా వేస్తానని ఆమె ఇంటి పత్రాలు పట్టుకెళ్లిన లాయరు, వాటిని తన అప్పు కోసం ఎవరి దగ్గరో తాకట్టు పెట్టేశాడు. అడిగితే, "నాకెప్పుడిచ్చావమ్మా?" అన్నాడు. ఆ ఆఫీసులో లాయర్ల మీద ఫిర్యాదులు తీసుకునే గుమాస్తా, ఆమె వెళ్లినప్పుడల్లా ఒకటే అడిగేవాడు.

"రసీదుందా అమ్మా?"

"అన్నయ్యా అని పిలిచినవాణ్ణి రసీదు ఎలా అడిగేది బాబూ?"

ఇంట్లో చెల్లెలి దెప్పుళ్లు వేరే. "జాకెట్ ముక్కకి చీటీ రాసిస్తావు, ఇంటికి నోటిమాటా? నీ తెలివి తెల్లారినట్టే ఉందే అక్కా!"

నిన్న ఎవరివో పాత కొలతల కోసం పుస్తకం తిరగేస్తుంటే ఆ పేజీ కనబడింది. ఆమె కొట్లోంచి ఏ మూట బయటికెళ్లినా, తీసుకెళ్లేవాళ్లు అందులో సంతకం పెట్టాల్సిందే. లాయరు పత్రాలు పట్టుకెళ్లింది, వదులు చేయించుకున్న నల్లకోటు కోసం వచ్చిన రోజునే. "కోటు ఒకటి, ఇంటి కాగితాల సంచి ఒకటి" అని చేతి అలవాటు కొద్దీ రాసి, తనే మరిచిపోయింది. కింద అతని సంతకం నిక్షేపంలా ఉంది.

ఆమె తెరిచి పెట్టిన ఆ పేజీని గుమాస్తా కళ్లద్దాలు సవరించుకుని రెండుసార్లు చదివాడు.

"దొరికాడమ్మా! ఇక తాకట్టు విడిపించి తెచ్చివ్వక ఆయనకి తప్పదు. పుస్తకం ఇక్కడ వదిలేసి వెళ్లు. వాయిదాకి పిలుస్తాం."

ఆమె పుస్తకం మీంచి చెయ్యి తీయలేదు. పక్కనున్న బెంచీని కాలితో దగ్గరికి లాక్కుని కూర్చుంది.

"రసీదు రాయి బాబూ," అంది. "నిదానంగానే రాయి. ఇక్కడ కూర్చోవడం నాకు అలవాటైపోయింది."