తినని నెయ్యి

"సల్ల మీద గింత ఎన్న తేలినా నా కొడుకు పానానికి మోసం, యాదుంచుకో," అని అత్తగారు శాంతమ్మ పూజ గది గడపలో నుంచే హెచ్చరించింది. మజ్జిగ చిలుకుతూ కవ్వం తాడు లాగుతున్న శరణమ్మ తల ఎత్తకుండానే ఊఁ కొట్టింది.

జహీరాబాదులో అల్లం వ్యాపారం చేసే ఆమె భర్త చెన్నబసప్పకు గుండెలో బరువుగా ఉందని చలికాలం మొదట్లో హైదరాబాదు తీసుకుపోతే, అక్కడి డాక్టరు రక్తం పరీక్షించి కొలెస్ట్రాలు పెరిగిందన్నాడు. నెయ్యి, మీగడ మానమన్నాడు. మీగడ తీసిన పాలతో తోడుపెట్టిన పెరుగు, మజ్జిగ పుచ్చుకోమన్నాడు. పెరుగును పులియబెట్టే సూక్ష్మజీవులు రక్తంలోని కొవ్వును కొంత దించవచ్చునని విదేశాలలో పరీక్షిస్తున్నారనీ, ఇంకా నిర్ధారణ కాలేదనీ, తాగితే నష్టం మాత్రం లేదనీ చెప్పాడు. ఆ సందేహమంతా దారిలోనే జారిపోయి, ఇంటికి చేరేసరికి మజ్జిగ ఒక్కటే సంజీవని అయి కూర్చుంది.

ఆ సంజీవనిని పుట్టించే భారం శరణమ్మది. పాలు కాచి, చల్లార్చి, మీగడ ఎత్తి, మళ్లీ గోరువెచ్చన చేసి తోడువేయాలి. చలికి తోడుకోకపోతే గిన్నెకు గొంగడి చుట్టి పొయ్యి పక్కన కాపు కాయాలి. మిగిలిన వెన్న సైతం తీసేయాలన్న పట్టుదలతో చిలికి, వడగట్టి, పూటపూటకూ దుకాణానికి పంపాలి. ఇదివరలో ఇంటి మగవారు నేతిరొట్టెలు, గడ్డపెరుగు తిని లేచాక, అడుగున మిగిలే పలుచని మజ్జిగ ఆడవారి వంతు. కాపురానికి వచ్చిన నాటి నుంచి ఆమె ఎరిగిన పాడి అంతే. ఇప్పుడు అదీ మందైపోయింది. శరణమ్మా, ఆమె కూతురూ జొన్నరొట్టెలో కారం నంజుకొని నీళ్లు తాగి లేస్తున్నారు. "ఆడోళ్లకు ఏ రోగమున్నది గనుక సల్ల?" అని అత్తగారు ఒకసారి అననే అన్నది.

రెండోసారి డాక్టరు దగ్గరికి పోయినప్పుడు చెన్నబసప్ప కొవ్వు కొంత దిగింది. "నోరు కట్టుకున్న, డాక్టర్‌సాబ్, మామూలు సంగతి కాదు," అని అతడు మీసం సవరించుకున్నాడు. డాక్టరు చూపు మాత్రం సంచి పట్టుకొని తలుపు దగ్గర నిలబడ్డ శరణమ్మ మీద ఆగింది.

"అమ్మా, ఇలా వెలుతురులోకి రండి."

ఆమె కనురెప్పల మూలల్లో పచ్చని పొక్కులున్నాయి. మొహం సరిగా కడగదనీ, పసుపు పేరుకుపోయిందనీ ఇంట్లో నవ్వేవారు. డాక్టరు నవ్వలేదు. ఆమె రక్తం కూడా తీయించాడు. ఫలితం చూసి, "మీ అమ్మగారు ఉన్నారా?" అని అడిగాడు.

"లేదయ్యా. మొగుడంపల్లిల బాయికాడ నీళ్లు చేదుకుంట చేదుకుంటనే కూలిపోయింది. నడీడు సుత కాలే. గాలి సోకిందన్నరు."

"ఈమెకు కొలెస్ట్రాలు మీ కన్నా చాలా ఎక్కువుంది. ఈ పొక్కులు కూడా ఆ కొవ్వే," అని డాక్టరు చెన్నబసప్ప వైపు తిరిగాడు. "ఇది తిండితో వచ్చినట్టు లేదు. తల్లి నుంచి పుట్టుకతో వచ్చినట్టుంది. మజ్జిగతో దిగేది కాదు, మందులు వాడాలి. పిల్లలుంటే వాళ్ల రక్తం కూడా చూడాలి. ఆలస్యం చేయకండి."

ఉన్నది ఒక్కతే కూతురు, సుమిత్ర.

తిరుగు బస్సు సదాశివపేట దాటింది. చెన్నబసప్ప కిటికీలోంచి బయటికి చూస్తూ అన్నాడు: "ఇగో, బిడ్డ రక్తం ముచ్చట ఇంట్ల తియ్యకు. బీదర్ సంబంధమోళ్లు పిల్లను చూడనీకి వస్తున్నరు. తల్లి రక్తంలనే రోగమున్నదంటె ఎవడు చేసుకుంటడు?"

"మరి దానికి గిట్ల ఉంటే..."

"ముందుగాల పెండ్లి కానీయ్."

ఇంటికి చేరగానే శాంతమ్మ ఎదురొచ్చింది. తన కొవ్వు దిగిందని చెప్పి, మాట తప్పించలేక, "దీనికి నాకంటె ఎక్కువున్నదంట," అన్నాడతడు.

"ఏందీ?" శాంతమ్మ కోడలిని ఎగాదిగా చూసింది. "నెయ్యి ముట్టంది కొవ్వు యాడికెల్లొస్తదే? నా నేతికుండ ఎప్పుడు సూడు ఎలితిగనే ఉంటది. ఏ పిల్లి నాకుతున్నదో అనుకున్న. ఇంట్లనే ఉన్నదా పిల్లి?"

"లేదత్తమ్మా. నేనెన్నడు ముట్టలే."

"లింగం చేతుల పట్టుకొని చెప్పు!"

లింగధారులైన ఆ ఇంట్లో అంతకు మించిన ప్రమాణం లేదు. శరణమ్మ మెడలోని వెండి భరిణె విప్పి ఇష్టలింగాన్ని ఎడమ అరచేతిలో నిలిపింది. నిత్యం పూజించుకొనే దైవం చేతిలో ఉండగా ఆమె కళ్లు మాత్రం భర్త ముఖాన్ని వెదికాయి. నిజం తెలిసినవాడు అతడొక్కడే. చెన్నబసప్ప గ్లాసెడు మజ్జిగ తాగి, మూతి తుడుచుకొని, తల్లి వైపు చూసి నవ్వాడు.

"తియ్యే అవ్వా! తింటె తిన్నది, ఇంటి మనిషే గద. గింత దానికి లింగం మీద ఒట్లెందుకు?"

"నా కొడుకు మనసు ఎన్న," అని శాంతమ్మ మెటికలు విరిచింది. "ఇంకొకడైతే తోలు తీస్తుండె."

నిందను శరణమ్మ ఓర్చుకొన్నది; ఈ క్షమాభిక్షను ఓర్వలేకపోయింది. వెన్న దొంగిలించిన బాలుని కథను లోకం పరవశించి వింటుంది, ఆ దొంగతనానికి హారతులు పడుతుంది. ఏనాడూ వేలితో తాకని నెయ్యికి ఆమెను దొంగను చేసి, దొంగతనాన్ని మన్నించి, ఆ మన్ననతో భర్త ధర్మాత్ముడైనాడు. తినలేదని ప్రమాణం చేస్తే, మరెట్లా వచ్చిందన్న ప్రశ్న పుడుతుంది. దాని జవాబు సుమిత్ర పెండ్లి పీటల మీదికి పోతుంది. తిన్నానని ఒప్పుకుంటే చేతిలో శివుడున్నాడు. ఎటూ పలకలేక ఆమె లింగాన్ని కళ్లకద్దుకొని, తిరిగి భరిణెలో ఉంచి, మూత బిగించింది. ఆ మౌనాన్ని ఇంటిల్లిపాదీ నేరాంగీకారంగానే తీసుకున్నారు. తలుపు వార నిలబడ్డ సుమిత్ర తల వంచుకోవడం ఆమెకు కనబడింది.

మరునాడు పొద్దున శరణమ్మ అత్తగారి ముందు నిలిచి, "ఝరాసంగం పోయి సంగమేశ్వరునికి మొక్కుకొనొస్త. బిడ్డను సుత తీస్కపోత," అన్నది.

"పో, పాపం కడుక్కొని రా," అన్నది శాంతమ్మ, సంతోషించి.

బస్‌స్టాండులో తల్లి హైదరాబాదు బస్సెక్కేసరికి సుమిత్ర విస్తుపోయింది. అయినా ఎక్కింది. చెరకు లారీల వెనుక బస్సు మెల్లగా ఊరు దాటుతుండగా, రాత్రంతా లోపల దాచుకొన్న మాటను గొంతు తగ్గించి అడిగింది.

"అమ్మా, నువ్వు నిజంగనే తిన్నవా?"

తను కన్నబిడ్డ కూడా అడిగింది. శరణమ్మ కూతురి చేతిని తన ఒడిలోకి తీసుకుంది.

"తినుంటె ఎంత మంచిగుంటుండె బిడ్డా," అన్నది. "తినలే. గందుకే నీ రక్తం చూపియ్యనీకి తీస్కపోతున్న."