ముందు మన పడవ

జువ్వలదిన్నెలో పుట్టి జువ్వలదిన్నెలోనే మెట్టిన మనిషికి సముద్రం చూపిస్తాననేవాళ్ళని ఏమనాలి? పుట్టింటి గొప్పలు మేనమామ దగ్గరా అన్నారు పెద్దలు. కామమ్మ కూతురు స్వర్ణ సరిగ్గా ఆ పనే చేసింది. నెల్లూరులో ల్యాబు ఉద్యోగం చేసే ఆ పిల్ల ఒక ఆదివారం పొద్దున్నే బస్సు దిగి ఇంటికొచ్చి, చెప్పులైనా సరిగ్గా విడవకుండా, "అమ్మా, వేట నిషేధం రాగానే మనం ముగ్గురం అండమాన్ పోతన్నాం" అనేసింది.

ఏప్రిల్ మధ్యలో చేపలు గుడ్లు పెట్టే కాలమని ప్రభుత్వం వేట ఆపిస్తుంది. ఆ రెండు నెలలూ పడవలు కదలవు, మగవాళ్ళు అరుగులు దిగరు. కామమ్మ మొగుడు గంగులయ్యకి ఏడాదిలో తీరిక చిక్కేది అప్పుడే. అదంతా స్వర్ణ బాగానే ఆలోచించుకుని వచ్చింది.

"యాడుంది అది?" అన్నాడు గంగులయ్య, వల బాగుచేసుకుంటూ తలెత్తకుండా.

"ఇట్టనే తూరుపుకి పోయి, రవ్వంత దక్షిణానికి తిరిగితే అదే నాయనా. మనం విమానంలో పోతాం."

గంగులయ్య వల పక్కన పెట్టాడు. "నీళ్ళ క్యాన్లు ఎన్ని పెట్టుకోవాల? ఆడ మంచు దొరకతదా?"

"మంచు దేనికి?"

"ఏమన్నా పడితే, పాడవకుండా తెచ్చుకోవద్దా?"

స్వర్ణ నెత్తి కొట్టుకుంది. "పట్టేదానికి పోవడంలా నాయనా. చూసేదానికి పోతన్నాం."

"చూసి?"

"చూసి వచ్చేస్తాం."

సముద్రం మీదికి పోయి వట్టి చేతులతో రావడం కోసం ఎవరైనా డబ్బులు ఖర్చు పెడతారా అన్నది ఆయనకి ఎంతకీ అంతుపట్టలేదు. వట్టి చేతులతో రావడం ఆయనకి ఖర్చు లేకుండానే చాలాసార్లు జరిగింది మరి.

నమ్మకం కుదరడానికి స్వర్ణ ఫోన్లో వీడియో పెట్టింది. కామమ్మ కొంగుతో చేతులు తుడుచుకుని వచ్చి చూసింది. చూసి, అలాగే కూలబడింది.

కావలి బజారులో ఆమె అమ్మని చేప లేదు. కళ్ళు చూసి నిన్నటిదో ఇవాళ్టిదో చెప్పగలదు. కానీ ఆ చేపలన్నీ గంపలో పడ్డవే, మహా అయితే ఆఖరుసారి తోక కొట్టుకునేవే. వీడియోలో చేపలు నీళ్ళలో ఉన్నాయి. పచ్చవి, నీలివి, చారలవి, గుంపులు గుంపులుగా ఒక్కసారిగా పక్కకి తిరుగుతున్నాయి, ఎవరో పిలిచినట్టు. ఏ తొందరా లేదు వాటికి. ఇన్నేళ్ళూ తాను కోసి, కడిగి, కూర వండిన ప్రాణి ఇంత అందంగా ఈదుతుందని ఆమెకి ఎవరూ చెప్పలేదు.

"ఇదంతా ఎట్టా కనపడతా ఉండాది?" అని అడిగింది చివరికి.

"అద్దాల పడవమ్మా. అడుగున అద్దం ఉంటది. మనం అందులో కూర్చుంటే కింద చేపలు పోతా ఉంటాయి."

పడవ అన్న మాట వినగానే కామమ్మ లేచి పొయ్యి దగ్గరికి వెళ్ళిపోయింది. "మీరిద్దరూ పోయిరాండి. నేను రాను" అంది అక్కణ్ణించే.

వాళ్ళ కులంలో ఆడవాళ్ళు పడవ ఎక్కరు. ఎందుకంటే ఎక్కరు, అంతే. కొత్త కోడలిగా ఉన్నప్పుడు కామమ్మ ఒకసారి చేపల గంప అందుకోబోయి తూలి, పడవ అంచు మీద చెయ్యి వేసింది. అత్తగారు పల్లెత్తు మాట అనకుండా పసుపునీళ్ళు తెచ్చి ఆ చోటు కడిగింది. ఆ వారం వలలు ఖాళీగా వచ్చాయి. అప్పుడు కూడా ఎవరూ ఏమీ అనలేదు. అనకపోవడమే కామమ్మకి గుచ్చుకుంది, ఇప్పటికీ గుచ్చుకుంటూనే ఉంది.

"మన వేట పడవకీ దానికీ సంబంధం ఏంది?" అని స్వర్ణ వాదించింది. "కలెక్టరమ్మ కూడా ఎక్కుద్ది ఆ పడవ."

"కలెక్టరమ్మ మొగుడు వేటకి పోడు గదా."

స్వర్ణ చెప్పుల్లో కాళ్ళు దూర్చింది. టిక్కెట్ల సంగతి నిషేధం మొదలయ్యేలోపల చెప్పమని, మూతి ముడుచుకుని బస్సెక్కింది.

పోతూ పోతూ స్వర్ణ పంపిన వీడియో మాత్రం కామమ్మ ఫోన్లో ఉండిపోయింది. అన్నం ఉడికేలోపు ఒకసారి, బజారు నుంచి వచ్చి కాళ్ళు కడుక్కున్నాక ఒకసారి, దొంగతిండి తిన్నట్టు చూసేది. ఒకరోజు గంగులయ్య వెనక నిలబడి ఆమె చూడటాన్ని చూశాడు.

"అంత ఇష్టం ఉంటే దేనికి రానంటా ఉండావు?"

కామమ్మ ఫోను బోర్లించింది. ఇక దాచలేక అనేసింది. "నేను పడవెక్కినానని గంగమ్మకి కోపం వస్తే ఆ కోపం నా మీద తీర్చుకోదు. నువ్వు వేటకి పోయినప్పుడు నీ మీద తీర్చుకుంటది. నాలుగు చేపలు చూసేదానికి నిన్ను పోగొట్టుకోమంటావా?"

అవన్నీ మూఢనమ్మకాలని గంగులయ్య అనలేదు. ఆయనకీ నమ్మకమే. గెడ్డం గోక్కుంటూ గడపలో కూర్చున్నాడు. "అయితే ఆమెనే అడుగుదాం" అన్నాడు.

"ఎవురిని?"

"గంగమ్మని. ఆ అండమాన్ నీళ్ళు మనకి కొత్త. ఇక్కడ ఆమె సంగతి నాకు తెలుసు. ఎప్పుడు ఊరుకుంటదో, ఎప్పుడు కసురుతదో తెలుసు. ముందు మన పడవ ఎక్కు. కోపం వచ్చేదుంటే నేను నీ పక్కన ఉండంగానే రానీ."

వద్దని చెప్పాలని కామమ్మ నోరు తెరిచి, చెప్పలేకపోయింది. ఎందుకంటే పోవాలని ఉంది.

నిషేధానికి ముందు రోజు, పొద్దెక్కాక, ఇద్దరూ హార్బరుకి వెళ్ళారు. పడవలో భాగస్థుడు, గంగులయ్య తమ్ముడు పెంచలకృష్ణ జెట్టీ మీద అడ్డంగా నిలబడ్డాడు.

"అన్నా, పడవలో సగం నాది."

"నీ సగం మీద మీ వదిన కూర్చోదులే."

పెంచలకృష్ణ మొహం గంటు పెట్టుకున్నాడు. వదినవైపు చూశాడు. ఆమె కొబ్బరికాయని రెండు చేతులా గుండెకి హత్తుకుని ఉంది. అతను వంగి తాడు విప్పాడు, తాను మాత్రం ఎక్కలేదు.

కామమ్మ ముందు కుడికాలు పెట్టింది. పడవ కదిలింది. అమ్మో అని గంగులయ్య చెయ్యి పట్టుకుంది. ఊళ్ళో అంతమంది చూస్తుండగా మొగుడి చెయ్యి పట్టుకోవడం ఆమెకి అదే మొదలు.

హార్బరు గోడ దాటగానే అలల మీద పడవ లేచి పడింది. కోపం వచ్చేసిందనుకుని కామమ్మ కళ్ళు గట్టిగా మూసుకుంది. ఇంజను చప్పుడు, మొహాన ఉప్పునీళ్ళు, నోట్లో అమ్మవారి పేరు. ఎంతసేపు పోయారో తెలియదు. ఇంజను ఆగింది.

ఆమె కళ్ళు తెరిచింది. ముందు చెవులకి ఆశ్చర్యం వేసింది. చప్పుడు లేదు. పుట్టినప్పటినుంచీ పగలూ రాత్రీ సముద్రం హోరు విన్న మనిషి. ఆ హోరంతా ఒడ్డుదేనని, లోపల సముద్రం ఇంత నిమ్మళంగా ఉంటుందని ఆమెకి తెలియదు. ఎటు చూసినా నీళ్ళు, పైన అంతులేని ఆకాశం. ఇంత పెద్దది తన గుమ్మం ముందే ఉందా? ఒళ్ళంతా జలదరించింది. భయం కాదది. చేతులు వాటంతటవే జోడించుకున్నాయి.

గంగులయ్య కొబ్బరికాయ కొట్టి నీళ్ళలో వదిలాడు. "తప్పయితే ఇప్పుడే చెప్పు తల్లీ, ఇద్దరం ఉండాం" అంది కామమ్మ. పడవ మెల్లగా ఊగింది, అంతే. చల్లటి గాలి వచ్చి మొహాన తడి ఆరబెట్టింది. వాళ్ళు చాలాసేపు అలా కాచుకుని కూర్చున్నారు. ఏ కోపమూ రాలేదు.

అప్పుడామె వెనక్కి తిరిగింది. ఒడ్డు ఒక గీత. సరుగుడు తోపులు ఆ గీత మీద నల్లటి మరక. ఊరు లేదు. ఇళ్ళు లేవు. మనుషులు అసలే లేరు.

"ఇదేందయ్యా," అంది కంగారుగా. "నువ్వు పోయేటప్పుడు నీ పడవ కనుమరుగయ్యేదాకా నేను ఒడ్డున నిలబడతా గదా. ఇంత దూరంలో నేను నీకు కనపడతానా?"

"కనపడవు."

"మరి ఇంత దూరం వచ్చినాక కూడా తువ్వాల ఊపతానే ఉంటావని మీ తమ్ముడు అంటాడు గదా. ఎవురిని చూసి?"

గంగులయ్య ఒడ్డువైపు చూశాడు. "నువ్వుంటావని తెలుసు గదా మే," అన్నాడు.

కామమ్మ ఆ గీతవైపే చూస్తూ కూర్చుంది. ఇన్నేళ్ళూ తాను అక్కణ్ణించి ఇటు చూసింది, ఆయన ఇక్కణ్ణించి అటు చూశాడు. మధ్యలో ఉన్న ఈ నీళ్ళెంతో ఇవాళే తెలిసింది.

తర్వాత ఆయన జేబులోంచి ఫోను లాక్కుని స్వర్ణకి కలిపింది. సిగ్నల్ ఒక్క గీతే ఉంది.

"ఏంది నాయనా? అమ్మ రానంటే రానన్నట్టేనా?" అంది స్వర్ణ విసుగ్గా.

"నేనే మే. మూడు టిక్కెట్లూ తీసుకో," అని అరిచింది కామమ్మ. "కిటికీ పక్క సీటు నాకు. మీ నాయనకి ఒద్దు. ఆయన చాలినంత చూసినాడు."