తడి ఆరని నీలం

మా షెడ్డులో రంగు మాటకున్న విలువ యజమాని మాటకు కూడా లేదు. కడ్డీ చివర నీలం పూసి ఉంటే వాడుకోవచ్చు, ఎరుపుంటే ముట్టుకోకూడదు. నీలం కడ్డీలు మన దేశంలోనే కరిగించిన ఉక్కువి, పరీక్షలో నెగ్గినవి. ఎరుపువి మూడే మూడు. ఎప్పుడో చవగ్గా వస్తోందని బయటి దేశం నుంచి తెప్పించిన సరుకులో పెళుసని తేలినవి. వెనక్కి తీసుకుంటానన్నవాడు మొహం చాటేశాడు. అవి స్టాండు కింది అరలో పడి ఉన్నాయి.

మేం చేసేది పిన్నులు. పిన్నంటే జడలో పెట్టుకునేది కాదు, మూరెడు పొడవు, పిడికిలంత లావు. ఉక్కు మిల్లులో క్రేన్ కొక్కేన్ని పట్టి ఉంచేది అదే. ఆ కొక్కేనికి కరిగిన ఉక్కు నిండిన లాడిల్, అంటే పెద్ద ఇనుప గంగాళం, వేలాడుతుంది. దానికి నాలుగడుగుల్లో నిలబడి పనిచేసేవాళ్లలో మా ఆయన ఒకరు.

షెడ్డులో ఆఖరి బల్ల నాది. ప్రతి పిన్ను మీదా, దాన్ని ఏ కడ్డీ నుంచి కోశారో ఆ నంబరు, అంకెల పంచ్ పెట్టి సుత్తితో కొడతాను. ఒక్కో అంకెకి ఒక్కో దెబ్బ. ఎంత జాగ్రత్తగా కొట్టినా నా ఏడు మాత్రం ఎడమ వైపు వాలుతుంది. "నీ ఏడు తాగొచ్చినట్టుందే" అని మా ఆయన ఆటపట్టిస్తుంటారు.

నిరుడు మిల్లు మూతపడబోయింది. అప్పుడే సర్కారు సాయం ప్రకటించింది, మిల్లుకే కాదు, దానికి సరుకిచ్చే మాలాంటి చిన్న షెడ్లకు కూడా. సంబరపడ్డాం. తర్వాత షరతు చదివాం. ప్రతి ముక్కా దేశంలో కరిగించిన ఉక్కే కావాలి, దానికి నంబరు సాక్ష్యం ఉండాలి. ఒక్క ముక్క తేడా వచ్చినా జాబితాలోంచి పేరు కొట్టేస్తారు. షెడ్డులో ముప్పై నలుగురం ఉన్నాం. ఆ జాబితా తప్ప మాకు వేరే దిక్కు లేదు.

సోమవారం తనిఖీ అధికారి వస్తారని తెలిసి, షెడ్డు మెరిసిపోవాలని యజమాని హుకుం జారీ చేశారు. మా ఆయన తండ్రి, మా మామయ్యకు అంతకంటే ఏం కావాలి? మిల్లులో నలభై ఏళ్లు చేసి రిటైరయ్యి, ఇంట్లో కాలు నిలవక మా షెడ్డులో చిల్లర పనులు చేస్తుంటారు. రంగు డబ్బా పట్టుకుని తలుపులకు పూశారు, నీళ్ల ట్యాంకుకు పూశారు, చీపురు కర్రకు పూశారు. కాసేపు కదలకుండా నిలబడితే నాకూ పూసేసేవారే.

ఆ సోమవారం, కోతకు పంపేముందు నంబరు చూసుకోవడానికి, నా బల్ల మీదికి రెండు కడ్డీలు వచ్చాయి. చివర పట్టుకోగానే నీలం నా గ్లౌజుకు అంటుకుంది. తడి ఆరలేదు. నంబరు రంగు కింద మునిగిపోయింది. పాత కడ్డీకి కొత్త రంగేమిటన్న అనుమానం నాకు వచ్చింది, రాలేదని చెప్పను. కానీ అధికారి వాచీ చూసుకుంటున్నారు, ఆయన వెనక యజమాని నాకేసి కళ్లు పెద్దవి చేస్తున్నారు. పక్క కడ్డీ నంబరే వీటిదీ అయి ఉంటుందనుకుని, వాటి నుంచి కోసిన పిన్నుల మీద ఆ నంబరే కొట్టేశాను. సాయంత్రానికి పిన్నులు మిల్లుకు వెళ్లిపోయాయి.

బుధవారం పొద్దున కింది అర ఊడుస్తూ చూశాను. ఎరుపు లేదు. మూడు ఉండాల్సిన చోట ఒక్క కడ్డీ ఉంది, అదీ నీలంగా ఉంది. గోటితో గీకాను. కింద ఎరుపు కనిపించింది.

మామయ్య బయట బ్రష్షు కడుగుతున్నారు.

"మామయ్యా, కింది అరలో కూడా పూశారా?"

"పూశానమ్మా, ఎవరూ ముట్టనివే కదా అని. ఆ ఎరుపు మీద ఓ పట్టాన పట్టలేదు, రెండు పూతలు వేయాల్సొచ్చింది" అన్నారు గర్వంగా. నా మొహం చూశారు. బ్రష్షు కింద పడిపోయింది. "వాటిని కోశారా?"

"రెండు కోశారు."

యజమాని విని కుర్చీలో కూలబడ్డారు. "మిల్లుకు చెప్పాలండీ" అన్నాను.

"చెప్తే ఈ పూటే మన పేరు కొట్టేస్తారు. ముప్పై నలుగురు రోడ్డున పడతారు. పెళుసుదైనా ఇవాళే విరగాలని లేదుగా? వచ్చే వారం ఏదో వంక చెప్పి మార్చేద్దాం."

"మా ఆయన డ్యూటీలో ఉన్నారండీ."

ఆయన తల ఎత్తలేదు. చెడ్డమనిషి కాదు.

మా ఆయనకు ఫోన్ చేశాను. ఎత్తలేదు. డ్యూటీలో ఫోన్లు లాకర్లో పెట్టేస్తారు. మిల్లు ఆఫీసు నంబరు నా దగ్గర లేదు. మిల్లు గేటుకు పావుగంట నడక. మామయ్య మోకాళ్ల నొప్పులు మర్చిపోయి నాకంటే ముందు నడిచారు. దారి పొడుగునా మిల్లు లోపలి చప్పుళ్లు వినపడుతూనే ఉన్నాయి. ఒక్కో చప్పుడుకీ మా అడుగులు ఇంకా వడివడిగా పడ్డాయి.

గేటు దగ్గర గార్డు అడ్డం నిలబడ్డాడు. "పాసుందా?"

"క్రేన్ ఆపించు నాయనా! మా అబ్బాయి లోపలున్నాడు" అన్నారు మామయ్య.

గార్డు నవ్వాడు. "అందరి అబ్బాయిలూ లోపలే ఉన్నారు తాతా."

"సోమవారం వచ్చిన పిన్నుల్లో పెళుసువి కలిశాయి. నంబర్లు కొట్టింది నేనే. సేఫ్టీ ఆఫీసరుకు ఫోన్ చెయ్యి!" అని అరిచాను. అతని నవ్వు ఆగిపోయింది. ఫోన్ ఎత్తాడు.

నిలబడ్డాం. ఉన్నట్టుండి లోపల పెద్ద చప్పుడొకటి వచ్చి, ఆ తర్వాత అంతా ఆగిపోయింది. ఆపారో, పడిందో తెలియలేదు. మామయ్య నా మణికట్టు పట్టుకున్నారు. ఎంతసేపు అలా నిలబడ్డామో చెప్పలేను. గేటు పక్క చిన్న తలుపు తెరుచుకుని, హెల్మెట్ చేత్తో పట్టుకుని ఆయన బయటికి వచ్చారు. మొహమంతా మసి. "ఏమైంది? నాన్న ఎందుకొచ్చాడు?" అన్నారు. నేను ఏడ్చాను.

మిల్లు పరీక్ష గదిలో, ఆపిన క్రేన్ల నుంచి ఊడదీసిన పిన్నుల్ని ఒక్కొక్కటిగా నొక్కే ప్రెస్సులో పెట్టారు. మొదటిది వంగింది, విరగలేదు. రెండోదీ వంగింది. మూడోది వంగనే లేదు, ఠక్కున రెండు ముక్కలైంది.

"ఏ క్రేన్‌ది?" అని అడిగారు మా ఆయన.

"నువ్వు పక్కన నిలబడే క్రేన్‌దే" అన్నారు సేఫ్టీ ఆఫీసరు. తర్వాత నావైపు తిరిగి, "రిపోర్టు ఇవాళే పైకి పంపాలమ్మా. మీ షెడ్డు పేరు ఇంక జాబితాలో ఉండదు. నేను చేయగలిగిందేం లేదు" అన్నారు. మామయ్య మూల బెంచీ మీద కూర్చుని, గోళ్లలో మిగిలిన నీలాన్ని గీక్కుంటున్నారు.

మా ఆయన ముక్క ఒకటి తీసుకుని బొటనవేలితో మసి తుడిచారు. నంబరు బయటపడింది. అంకెలన్నీ వరసగా ఉన్నాయి, ఏడు ఒక్కటే వాలి ఉంది.

"నిన్న దీన్ని బిగించింది నేనే. బిగిస్తుంటే నీ ఏడు కనిపించింది" అన్నారు మెల్లగా. "మా ఇంటి పిన్నే కదా, ఇంక భయం లేదనుకున్నాను."

ఆ ముక్కను ఆయన చేతిలోంచి తీసుకోబోయాను. ఆయన ఇవ్వలేదు.