గీత మీద గాటు

ఆస్పత్రిలోని పరిశోధన విభాగంలో ఆమెను అందరూ లెక్కలమ్మ అనేవారు. ఊపిరితిత్తుల జబ్బుకు ఇంకా పరీక్షలోనే ఉన్న కొత్త మందు రోగుల్ని ఎన్నాళ్ళు బతికిస్తుందో గీత గీసి చూపించడం ఆమె పని. ఆ గీత మెట్లు మెట్లుగా దిగుతుంది. ఒక మనిషి పోతే ఒక మెట్టు. మధ్యలో ఆస్పత్రికి రావడం మానేసినవాళ్ళకు మెట్టు ఉండదు, గీత మీద చిన్న నిలువు గాటు పెడతారంతే. చివరిసారి కనపడినప్పుడు బతికే ఉన్నారు, ఆ తర్వాత వాళ్ళ గతీ మిగతావాళ్ళలాగే ఉంటుంది అని దాని అర్థం. ఆ పద్ధతి రాసి సంతకం పెట్టింది లెక్కలమ్మే. లోకమంతా చేసేదే కదా, నలుగురితో నారాయణ అనుకుంది.

సొంత బావను ఆ మందు పరీక్షలో చేర్పించింది కూడా ఆమే. కొన్నాళ్ళకు అక్క ఫోను చేసింది.

"చిట్టీ, మీ బావ మంచం దిగట్లేదే. మాత్ర పడగానే కక్కేస్తున్నాడు. చెకప్‌కి రానంటున్నాడు, మాత్రా మానేస్తానంటున్నాడు. ఏం చెయ్యమంటావు?"

ఎదురుగా తెర మీద రెండు గీతలున్నాయి. కొత్త మందు గీత, ఇదివరకటి పాత మందు గీతకు బెత్తెడు పైన నడుస్తోంది.

"చెకప్ సంగతి తర్వాత చూద్దాం. మాత్ర మాత్రం మాననివ్వకు. నేను కళ్ళారా చూస్తున్నానుగా, బాగా పనిచేస్తోంది."

చెల్లెలి మాట అక్కకు వేదవాక్కు. బతిమాలి, తిట్టి, ఒట్లు పెట్టి మింగించింది. బావ పోయాడు.

మళ్ళీ పనిలోకి వచ్చిన రోజు లెక్కలమ్మ గీత మీద బావ కోసం వెతికింది. మెట్టు లేదు. చెకప్‌కి రావడం మానేశాడు కనక గాటుంది. కాటికి పోయిన మనిషి బతికున్నవాళ్ళ వరసలో దర్జాగా ఉన్నాడు. ఆమె రెండు గీతలూ పక్కపక్కన పెట్టి చూసింది. పాత మందు గీత మీద గాట్లు అక్కడొకటీ ఇక్కడొకటీ ఉంటే, కొత్తదాని మీద చీమలబారులా ఉన్నాయి. ఇన్నాళ్ళూ కళ్ళుండీ చూడలేదు. పక్క గాటు ఎవరిదో చూసి ఆ ఇంటికి ఫోను చేసింది. కూతురు ఎత్తింది.

"మీ నాన్నగారు చెకప్‌కి రావడం లేదని..."

"లేవలేని మనిషి ఎలా వస్తాడండీ? పోయి చాన్నాళ్ళయింది. ఇప్పటికి గుర్తొచ్చామా మీకు?"

లెక్కలమ్మ పెద్ద డాక్టరు గదికి పరిగెత్తింది. ఆయన తాపీగా విన్నాడు.

"పద్ధతి నీదే, సంతకం నీదే. మీ బావ పోయాడని ఇప్పుడు మార్చమంటావా?"

"మా బావ కోసం కాదు సార్. వీళ్ళు విసుగొచ్చి మానేసినవాళ్ళు కాదు, మంచం పట్టి మానేసినవాళ్ళు. వీళ్ళు పోతున్నా గీత దిగట్లేదు."

"నీ మనసు బాలేదమ్మా. కొన్నాళ్ళు సెలవు పెట్టు."

పైవాళ్ళకు చెప్పుకుంది. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టయింది. ఇంకొకరి సంతకంతో నివేదిక వెళ్ళింది, మందు దుకాణాలకెక్కింది.

ఒక మధ్యాహ్నం అక్క వచ్చింది. చేతిలో మందుల దుకాణం వాళ్ళు పంచిన రంగుల కాగితం, దాని మీద ఆ రెండు గీతలే.

"చూశావటే, నువ్వు చెప్పినట్టే మందు మంచిదేనట. ఇంతమందికి పనిచేసింది, ఆయనకే అచ్చిరాలేదు. చివర్లో వద్దే అని చెయ్యి పట్టుకుని ఏడిస్తే కర్కోటకురాలిలా నోట్లో కుక్కానే చిట్టీ. నేనే చంపానేమోనని కన్ను మూతపడేది కాదు. ఇది చూశాక ప్రాణం కుదుటపడింది."

లెక్కలమ్మ నోరు తెరిచింది. నిజం చెబితే ఆ కాస్త నిద్రా అక్కకు మిగలదు. చెప్పకపోతే ఆ కాగితం ఇంకో ఇంట్లో ఇంకో అక్క చేతికి వెళుతుంది. తన మీద తనకే అసహ్యం వేసింది.

"అవునక్కా," అంది.

"ఇందులో మీ బావ ఎక్కడున్నాడే?"

లెక్కలమ్మ ఒక గాటు మీద వేలు పెట్టింది. అక్క కళ్ళజోడు తుడుచుకుని దాన్ని చాలాసేపు చూసింది. తర్వాత ఆ కాగితాన్ని జాగ్రత్తగా మడిచి సంచిలో పెట్టుకుంది.