రెండో బావి

లేవండి అన్నాను, అంత గట్టిగా అనాల్సింది కాదేమో, మామూలుగా అంటే సరిపోయేది, ఆ కళ్ళజోడు పిల్ల ఒకటికి రెండుసార్లు అడిగింది, మామ్మగారూ, ప్లాట్లు కాకముందు ఈ పొలం మీదేనటగా, ఈ పెద్దబావి కాక ఇంకేమైనా బావులుండేవా, బాగా గుర్తు తెచ్చుకుని చెప్పండి, అని, గుర్తు తెచ్చుకోవడానికి నేనేమన్నా మర్చిపోయానా తల్లీ, లేవండి, ఈ ఒక్కటే, అన్నాను, రాసుకుంది, గుంటూరు నుంచి జీపులో వచ్చిన సర్కారు మనిషి రాసుకున్నాక ఇక అది నిజమైపోయినట్టే, భూమి కింద ఏమున్నా కాగితం మీద మాత్రం లేదు, దొంగకు తేలు కుట్టినట్టు అంటారే, కుట్టించుకోవడం కన్నా అరవకుండా నిలబడటమే కష్టం, నిలబడ్డాను, ఇంటికొచ్చాను, కాళ్ళు కడుక్కున్నాను, అన్నం పెట్టుకున్నాను, ఇదిగో కంచం ముందు కూర్చున్నాను.

ఎంత గొయ్యి అది, తుఫాను వెలిసి రెండు రోజులైంది, చేలల్లో తడిసిన పత్తికాయలు నల్లబడి ఒకటే కుళ్ళు వాసన, మిరపతోటల్లో ఇంకా నీళ్ళు, జనమంతా ఆ ఏడుపులో ఉండగా పొద్దున ఏడింటికి రోడ్డు పక్క ఇమాం హుస్సేన్ కారం మిల్లు, రేకుల షెడ్డు, మోటారు, మూటలు, మనిషితో సహా భూమిలోకి దిగిపోయింది, పెద్ద చప్పుడు కూడా లేదట, లారీ మీంచి లోడు దించినట్టు ఒక్క దబ్బు, అంతే, ఇరవై అడుగుల వెడల్పు, లోపల్నుంచి ఎర్రగా కారం దుమ్ము లేస్తుంటే చుట్టూ చేరినవాళ్ళు ఏడుస్తున్నారో తుమ్ముతున్నారో తెలియలేదు, తాళ్ళేసి లాగారు ఇమాం హుస్సేన్‌ని, కుడికాలు తొడ దగ్గర విరిగి ఎటో తిరిగిపోయి ఉంది, అతని పెళ్ళాం చెప్పులు లేకుండానే అంబులెన్సు ఎక్కింది, ఆ తర్వాత ఊళ్ళో ప్రతివాడూ ఇంజనీరే, బోర్లు వేసి వేసి భూమిని పీల్చేశారు, అందుకే, అని ఒకడు, నల్లరేగడిని నమ్మకూడదురా అని ఇంకొకడు, ఎప్పుడో పూడ్చిన బావి కదా వానకి మట్టి దిగబడింది, పాపం యలమందయ్య ఉంటే చెప్పేవాడు, అని ముసలివాళ్ళు, యలమందయ్య అంటే మా ఆయన, పోయి నాలుగేళ్ళు, ఉంటే ఏం చెప్పేవాడు, మట్టి దిగబడటానికి అక్కడ మట్టి ఉంటేగా.

పూడ్చిన బావి కాదది, పైన కప్పు వేసిన బావి, ఇరవై రెండేళ్ళ కిందట, బోర్లొచ్చి బావులు ఎండాక, ప్లాట్లు వేసే మనిషి వచ్చి బావులు పూడ్చి ఇస్తేనే పొలం తీసుకుంటానన్నాడు, మా ఆయన సరేనన్నాడు, అడ్డం పడింది నేను, బావి పూడిస్తే వంశం నిలవదని మా నాయనమ్మ చెప్పేది, అప్పటికి నాకు రెండుసార్లు కడుపు పోయింది, ముప్పై ఆరేళ్ళొచ్చినా ఆశ చావలేదు, పూడ్చొద్దయ్యా, పైన మూసేద్దాం, లోపల గంగమ్మ ఎట్లా ఉందో అట్లానే ఉంటుంది, మనకి పాపం అంటదు, అని చెప్పింది నేను, నేనే, పిచ్చిదానా, రేపు ఎవడన్నా ఇల్లు కట్టుకుంటే, అన్నాడాయన, అంటూనే నా మొహం చూసి ఊరుకున్నాడు, ఊరుకోకుండా ఉండాల్సింది, ఒంగోలు అవతల్నుంచి వచ్చిన కూలీల చేత తాటిదూలాలు అడ్డంగా పరిపించి, దూలాల మీద నాపరాళ్ళు, రాళ్ళ మీద పత్తికట్టె, ఆపైన నల్లమట్టి, రెండు వానలు పడేసరికి గడ్డి మొలిచింది, కూలీలు వాళ్ళ దారిన వాళ్ళు పోయారు, ఊరంతా పూడ్చారనే అనుకుంది, గంగమ్మ కూడా అట్లానే అనుకుంది కాబోలు, మూడోసారి కూడా అయిదో నెలలోనే పోయింది, రాని పిల్లల కోసం అంత తెలివి చూపించాను.

అట్లా కప్పు వేసినవి రెండు, పెద్దబావి రోడ్డు పక్కన ఉండేది కాబట్టి అందరికీ గుర్తుంది, రెండోది వెనక మూల, సర్కారు తుమ్మల మధ్య, మిరపనారు పోసుకునే మడి పక్కన మా మామగారు తవ్వించిన చిన్నబావి, ఎరిగిన ముసలివాళ్ళంతా పోయారు, ఇక మిగిలింది నేనొక్కదాన్ని, ఇప్పుడు దాని మీద దయామణి వంటిల్లు ఉంది.

దయామణి మొగుడు ఇమ్మానియేలు గుంటూరు మిర్చియార్డులో మూటలు మోస్తాడు, చర్చి వీధి వాళ్ళు, తొమ్మిదేళ్ళ కిందట ఆ మూల ప్లాటు కొనుక్కుని ఒక్కో గదీ వేసుకుంటూ వచ్చారు, ముందు గది, తర్వాత వరండా, చివరికి వెనక వంటిల్లు, ఒక్కతే కూతురు, కెజియా, ఇంటరు చదువుతోంది, మా ఆయన పోయాక పదిహేనో రోజుకి చుట్టాలంతా సర్దుకున్నారు, ఇంట్లో ఫ్యాను చప్పుడు తప్ప ఇంకేమీ లేదు, ఫ్యాను ఆపితే అదీ లేదు, ఒక సాయంత్రం ఊరికే నడుస్తూ పోయి వాళ్ళ వరండా ముందు ఆగాను, మిరపకాయలకి తొడిమలు తీస్తోంది, కూర్చోండి అమ్మగారూ అంది, కూర్చున్నాను, మర్నాడూ కూర్చున్నాను, ఏడాది తిరిగేసరికి అమ్మగారు కాస్తా పెద్దమ్మ అయింది, కూర చేస్తే నాకొక గిన్నె, జ్వరమొస్తే కెజియా వచ్చి మాత్ర వేసి పోతుంది, రోజు మొత్తం మీద నాతో మాట్లాడేది వాళ్ళే, కొన్ని రోజులైతే పొద్దున్నించీ నోరే తెరవను, సాయంత్రం ఆ వరండాలో కూర్చున్నాక తొలిమాట గొంతు గీరుకుంటూ వస్తుంది.

అట్లాంటి మనిషికి పోయి ఏమని చెప్పను, నీ పొయ్యి కింద బావి ఉందే, నాకు మొదట్నుంచీ తెలుసు, అని చెప్పనా, చెబితే మొహాన ఉమ్మేస్తుంది, ఉమ్మేయాలి కూడా, ఇమ్మానియేలు వీపు అరిగిపోయేలా మోస్తే లేచిన ఇల్లు అది, ఇమాం హుస్సేన్ కాలు విరిచింది నేనేనని ఊరు ఊరంతా అంటుంది, అదీ అబద్ధం కాదు, పోయిన ఆయన పేరు పోతుంది, ఇవన్నీ తర్వాత, అన్నిటికన్నా ముందు నా బుద్ధికి తట్టింది ఏమిటంటే ఇక రేపటి నుంచి సాయంత్రాలు ఎక్కడ కూర్చోవాలి అని, సిగ్గులేని మనసు, చెప్పకపోతే మాత్రం ఏమవుతుంది, చిన్నబావి, చిన్న దూలాలు, చేవ ఉన్న తాటిచెట్లు చూసి మరీ కొట్టించాడు ఆయన, ఇన్నేళ్ళు మోసినవి ఇంకొన్నేళ్ళు మోయవా, పోయినవారం దయామణి ఏమంది, పెనం మీద నూనె ఒకవైపుకే జారిపోతోంది పెద్దమ్మా, అట్టు ఒక పక్క మాడి ఒక పక్క పచ్చిగా ఉంటోంది, మేస్త్రీ పనోడు కాదు, లెవెల్ చూసుకోలేదు, అంది నవ్వుతూ, ఇన్నేళ్ళూ తిన్నగా ఉన్న నూనె పోయినవారమే ఎందుకు జారింది, మేస్త్రీలంతా అంతేలే అన్నాను నేను, అంత తేలిగ్గా ఎట్లా అన్నాను, పైగా తుఫాను ఆ తర్వాత వచ్చింది, నాలుగు రోజులు తెరిపి లేకుండా కురిసింది, ఇవాళ పొద్దున గొయ్యి దగ్గర అందరితో అంటోంది, ఇమాం హుస్సేన్ వాళ్ళ మనుషులు ఆసుపత్రిలో ఏం తింటారు, నేను అన్నం వండి పంపిస్తాను, అని, పదిమందికి వండాలంటే పెద్ద గిన్నెలు, పెద్ద పొయ్యి, దయామణి ఇప్పుడు ఎక్కడుంటుంది, వంటింట్లోనే ఉంటుంది.

చెయ్యి కడుక్కున్నానో లేదో, తలుపు దగ్గరికి వేశానో లేదో, నడుస్తున్నాను, గొయ్యి చుట్టూ కర్రలు పాతి తాడు కట్టారు, జీపు వెళ్ళిపోయింది, ఏమ్మా సుబ్బరావమ్మా అంత తొందరేంటి అని ఎవరో అడిగారు, ఏమీ లేదు అన్నాను, ఇవాళ నా నోటికి లేదు అన్న మాట బాగా అలవాటైంది, మోకాళ్ళు మండుతున్నాయి, ఇమ్మానియేలు యార్డులో ఉంటాడు, కెజియా కాలేజీలో, దేవుడా వాళ్ళ దేవుడా మా దేవుడా ఎవరో ఒకరు దయామణిని కాసేపు బయటికి పంపించండి, వరండా ఎక్కేసరికి తిరగమోత ఘాటు, ఎవరూ, పెద్దమ్మా, ఈ ఎండనపడి వచ్చారేంటి, కూర్చోండి, అంది లోపల్నుంచి, బయటికి రావే ఒకసారి అన్నాను, చేతులు ఖాళీ లేవు పెద్దమ్మా, పప్పు దించి వస్తా, మీరెటూ లోపలికి రారుగా, అంది, కోపంగా కాదు, ఉప్పు ఎక్కడుందో చెప్పినంత మామూలుగా.

రాలేదు, నిజమే, నాలుగేళ్ళలో ఒక్కసారి కూడా ఆ గడప దాటలేదు, మొదట్లో పిలిచేది, లోపలికొచ్చి కూర ఉప్పు చూడండి అమ్మగారూ, అంటే మోకాళ్ళే అన్నాను, క్రిస్మస్‌కి లోపల చాప వేసి అన్నం పెడతానంటే ఇక్కడ గాలి బాగుందే అన్నాను, మూడోసారి నా వంక చూసి, అర్థమైందిలే పెద్దమ్మా, పెద్దవాళ్ళు, మీ పట్టింపులు మీకుంటాయి, అంది, ఆ తర్వాత పిలవలేదు, వరండాలోకే తెచ్చి పెట్టేది, కులమనుకుంది, అనుకోనిచ్చాను, ఎంత సులువుగా దొరికింది ఆ సాకు, పైగా లోలోపల నన్ను నేను మెచ్చుకున్నాను, పిచ్చిది, కులం కాదే నాకు, భయం, కులమే ఉంటే నీ చేతి కూర తింటానా, అని, తింటూ మెచ్చుకున్నాను, ఇవాళ చెప్పేస్తాను, కులం కాదని చెప్పేస్తాను, ఆ ఒక్క మాటన్నా నాకు మిగలాలి.

గడప దాటాను, కాలి కింద బండ చల్లగా ఉంది, ఒక పక్కకి వాలి ఉంది, గోడకీ నేలకీ మధ్య వేలు పట్టే సందు, దయామణి గరిటె పట్టుకుని వెనక్కి తిరిగింది, నన్ను చూసింది, నా కాళ్ళు చూసింది, మళ్ళీ మొహం చూసింది, మీరు లోపలికొచ్చారే పెద్దమ్మా, అంది, ఎంత సంతోషం ఆ మొహంలో, కుర్చీ కోసం వెతుక్కుంటోంది, కొంగుతో స్టూలు తుడుస్తోంది, నేను పొయ్యి కట్టేసి ఆమె మణికట్టు పట్టుకుని లాగాను, గరిటె ఎక్కడో పడింది, ముందు గది, వరండా, మెట్లు, వీధిలోకి, రోడ్డు అవతలి వేపచెట్టు దాకా లాక్కొచ్చి వదిలాను, ఏమైంది పెద్దమ్మా, ఏమైందో చెప్పండి, అంటోంది, ఇంకా ఆ సంతోషం పూర్తిగా పోలేదు మొహంలోంచి, కులం కాదే దయామణీ, కింద బావి ఉంది, అందుకే, అని చెప్పడానికి నోరు తెరిచాను.

తెరిచిన నోరు తెరిచినట్టే ఉంది, మా చెల్లెలి కొడుకు చైతన్యకృష్ణ గుర్తొచ్చాడు, ఇన్నేళ్ళుగా ఎందుకు గుర్తు రాలేదో తెలియదు, ఇమ్మానియేలు కన్నా ఆరు నెలల ముందు, ప్రత్తిపాడు నుంచి బండి మీద వచ్చి, పెద్దమ్మా, ఆ మూల ప్లాటు చవగ్గా వస్తోంది, తీసుకోమంటావా, అని అడిగాడు, పొయ్యి మీద పాలు పొంగుతున్నా వదిలేసి వచ్చి, వద్దురా, అది కలిసిరాని చోటు, పిల్లలున్నవాడివి, అన్నాను, వాడు మారుమాట లేకుండా మానుకున్నాడు, ఆరు నెలలకి ఇమ్మానియేలు వచ్చాడు, మెట్ల కింద చెప్పులు విడిచి నిలబడి, అమ్మా, ఆ ప్లాటు తీసుకుంటున్నాం, ఒకప్పుడు మీ పొలమే కదా, మంచిచెడ్డలు ఒక మాట చెప్పండి, అన్నాడు, పక్కన ఏడెనిమిదేళ్ళ పిల్ల, తండ్రి వేలు పట్టుకుని, మంచిదేనయ్యా, కట్టుకో, అన్నాను, తలుపు వేసుకుని లోపలికి పోయాను, ఆ రోజు కూడా బావి ఉన్నచోటే ఉంది, పిల్లలున్నవాడివి అన్న మాట నా నోట్లోనే ఉంది, వాడికి ఇచ్చాను, ఇతనికి ఇవ్వలేదు, అంతే తేడా, ఇంకేమీ తేడా లేదు, దయామణి ఎదురుగా నిలబడి చూస్తోంది, చెప్పండి పెద్దమ్మా అంటోంది, నీ ఇంటి కింద బావి ఉంది, ఇక ఎవరూ లోపలికి వెళ్ళొద్దు, నాకు తెలిసీ కట్టుకోనిచ్చాను, నువ్వు ఇన్నాళ్ళూ నా గురించి అనుకున్నదే నిజం, అన్నాను.